ఎవరి వాటాకీ రాని తడి

రాతి దిమ్మ పొరలుగా విడిపోలేదు. ఎండిన రొట్టె విరిగినట్టు ఎటు పడితే అటు విరిగి పెద్దోడి కాళ్ళ దగ్గర కుప్పపడింది.

పెద్దోడు ఇంకో దిమ్మ ముందుకు లాక్కున్నాడు. అంచు మీద వెడల్పాటి ఉలి ఆనించి, కొయ్యసుత్తితో మెల్లగా, బతిమాలుతున్నట్టు తట్టాడు. మంచి పలకరాయి ఆ మాత్రం తట్టుడికే నోరు తెరుస్తుంది. సన్నటి గీత పడుతుంది. ఆ గీతలో ఉలి దూర్చి కాస్త మెలిపెడితే పలక దానంతటదే చేతిలోకి వస్తుంది. ఈ దిమ్మ నోరు తెరవలేదు. గట్టిగా కొడితే మూల విరిగింది. ఇంకా గట్టిగా కొడితే నడుం విరిగింది.

"ఇంక కొట్టకు," అన్నాడు చిన్నోడు నిచ్చెన మీద నుంచి.

ఇల్లు పంచుకున్న దగ్గర్నుంచి అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడడం అదే మొదలు. ఇద్దరికీ తలలు నెరుస్తున్నా ఆ ఇంట్లో పెద్దోడు పెద్దోడే, చిన్నోడు చిన్నోడే. పెద్దోడు కింద కూర్చుని పలకలు చీలుస్తాడు. చిన్నోడు పైకెక్కి వాటిని కప్పు మీద మేకులతో కొడతాడు. ఊళ్ళో సగం ఇళ్ళ కప్పులు ఆ చేతులవే. సొంత ఇంటికి మాత్రం ఇన్నేళ్ళూ రేకులే. ఈ ఏడాది రేకులు పీకి పలకలు మొదలుపెట్టారు, సగంలో ఉండగా పంపకాలొచ్చిపడ్డాయి.

"నీకెందుకు? దిమ్మలు నా వాటా," అన్నాడు పెద్దోడు తల ఎత్తకుండా.

"నీ వాటాయే, ఎవరు కాదన్నారు? కింద నువ్వు చీలిస్తేనే కదా పైన నేను కొట్టేది. పొద్దుట్నుంచి మేకుల సంచి నడుముకి కట్టుకుని ఇక్కడ కాకిలా కూర్చున్నాను."

"కూర్చోక? కోపంగా ఉన్నప్పుడు నువ్వు పైకెక్కితే ఏమవుతుందో తెలియదా? మేకు బిగించి కొడతావు, పలక టప్పున పగులుతుంది. మేకుకి పలక వేలాడాలిరా, ఉరి తీసినట్టు ఉండకూడదు అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు నీకు?"

"నా పని నాకు నేర్పకు. ముందు నీ రాయి సంగతి చూసుకో."

పెద్దోడు విరిగిన ముక్క ఒకటి తీసి చెంపకి ఆనించుకున్నాడు. చల్లగా లేదు. 

"ఎండిపోయింది," అన్నాడు చివరికి. "మొత్తం ఎండిపోయిందిరా."

క్వారీ నుంచి వచ్చిన దిమ్మ లోపల భూమి తడి ఉన్నంత కాలమే చీలుతుంది. ఆ తడి ఒకసారి పోయిందంటే మళ్ళీ చెరువులో ముంచినా తిరిగి రాదు. అందుకే దిమ్మల మీద గోనెలు కప్పి, ఆ గోనెలని పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉంచుతారు. ఈ సంగతి ఆ ఇంట్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలిసినవాళ్ళే ఎండబెట్టుకున్నారు. తెలియనివాళ్ళు చేసుంటే జాలిపడొచ్చు.

"గోనెలు ఎవరి వాటాకి వచ్చాయి?" అన్నాడు పెద్దోడు.

"నాకే వచ్చాయి. అయితే? దిమ్మలు నీవైనప్పుడు నేనొచ్చి నీ దిమ్మలు తడపాలా?"

"గోనెలు నీవని నేను ముట్టుకోలేదు. ముట్టుకుంటే మళ్ళీ ఏమంటావో అని."

"అడిగి ముట్టుకోవచ్చుగా!"

"నీతో మాట్లాడితే కదా అడగడానికి!"

గుమ్మంలోంచి చిన్నకోడలు అందుకుంది. "బకెట్లు బావగారి వాళ్ళ దగ్గరున్నాయి. మాకు ఒక్కటీ రాలేదు. ఆయనెలా తడుపుతారు, దోసిళ్ళతోనా?"

"కొళాయి మీ వైపు పడింది కదమ్మా," అంది పెద్దకోడలు లోపల్నుంచి. ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడడానికి కూడా ఓపిక ఉండాలి. "బకెట్లు పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడితే తలుపేసుకున్నది ఎవరు?"

పంపకాలు అంత పద్ధతిగా జరిగాయి మరి. ఉలులు, కొయ్యసుత్తులు ఒకరికి, మేకులు కొట్టే సుత్తులు ఇంకొకరికి. నడవ మధ్యలో ఇటుక గోడ. వంటింటి అలమర తలుపులు చెరొకటి. ఎవరి చెంచాలు వాళ్ళవి. గోనెలు తడిపే పని మాత్రం ఎవరి వాటాకీ రాలేదు. పని కంటికి కనిపించే వస్తువైతే దానికోసం కూడా ఒక పూట కొట్టుకుని ఉండేవాళ్ళే.

కప్పు ఒక్కటే పంపకానికి లొంగలేదు. పలకలు చూరు దగ్గర మొదలై, ఇంటి పొడవునా ఒక వరస, దాని మీద ఇంకో వరస, అలా కొప్పుదాకా ఎక్కుతాయి. గది గదికీ విడిగా కప్పడం కుదరదు. అందుకని ఇప్పుడు ఇద్దరి నెత్తి మీదా కింది సగం పలకలు, పై సగం టార్పాలిన్. ఆ ఒక్క విషయంలో అన్నదమ్ములకి సమానంగా వచ్చింది.

వరండాలో మంచం మీద పెద్దాయన లేచి కూర్చున్నాడు. వాళ్ళ నాన్న. జీవితమంతా పీల్చిన రాతిపొడి ఆయన ఛాతీలో కూర్చుంది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటాడు.

"ఒరేయ్," అన్నాడు. "ఇన్నాళ్ళూ... ఎవరు తడిపేవారు?"

పెద్దోడు చిన్నోడి వైపు చూశాడు. చిన్నోడు పెద్దోడి వైపు చూశాడు.

"నువ్వనుకున్నాను."

"నేను నువ్వే అనుకున్నాను."

కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెరట్లో షెడ్డు దగ్గర ఎవరో రాతిపెళ్ళలు ఊడుస్తున్న చప్పుడు వినిపించింది. చీపురు కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

అందరూ అటు తిరిగారు.

షెడ్డు ముందు అక్క వంగి ఊడుస్తోంది. వాళ్ళు చూస్తున్నారని తెలిసి కూడా తల ఎత్తలేదు.

* * *

ఆ ఇంట్లో తమ్ముళ్ళిద్దరికీ ఆమె అక్క. కోడళ్ళిద్దరికీ వదిన. పెళ్ళయి వెళ్ళి, ఒక వానాకాలం కూడా నిండకుండా తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. వచ్చిన మర్నాడే తండ్రి పక్కన కూర్చుని ఉలి పట్టింది. కప్పు మీద కింది వరసలకి మందపాటి పలకలు వేస్తారు, పైకి పోయేకొద్దీ పలచనివి కావాలి. లేకపోతే బరువుకి వాసాలు వంగుతాయి. ఆ పలచటి పలకలు చీల్చే చెయ్యి పెద్దాయన తర్వాత ఆ ఇంట్లో అక్కకే వచ్చింది. ఇప్పుడు మిగిలిన పని అంతా పై వరసలదే.

పంపకాల ముందు ఆమె నడవలో పడుకునేది. నడవ మధ్యలో గోడ లేచాక ఆమె మంచం ఎటు వేయాలో ఎవరికీ తోచలేదు. అటు వేస్తే ఇటువాళ్ళేమంటారో, ఇటు వేస్తే అటువాళ్ళేమంటారో. ఆమే మంచం భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నారందరూ. పైకి అనలేదు, అంతే.

పెద్దకోడలు టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. లోపల రాతి వాసన, తడి వాసన. షెడ్డు కప్పు తాతలనాటిది, పలకలే. ఒక పక్క కొన్ని జారిపోయి పెద్ద కంత పడింది. కంతకి అడ్డంగా చిరిగిన రేకు ఒకటి కట్టి ఉంది. సరిగ్గా దాని కిందే అక్క మంచం.

"టీ తాగు వదినా."

"అక్కడ పెట్టు అమ్మాయ్."

"చల్లారిపోతుంది."

"చల్లారిందే తాగుతాగా రోజూ."

పెద్దకోడలు గ్లాసు కింద పెట్టి, ఓ బోర్లించిన బుట్ట మీద కూర్చుంది.  బయట టార్పాలిన్ గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"నువ్వే తడిపేదానివి కదూ?"

"ఊఁ."

"నేనెప్పుడూ చూడలేదు వదినా. నిజంగా చూడలేదు. పొద్దున్నే లేచేసరికి గోనెలు తడిగా ఉండేవి. తడిగా ఉంటాయి కాబోలు అనుకున్నాను."

అక్క నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు కానీ కోపమూ లేదు. "వాటంతట అవే తడుస్తాయనుకున్నావా?"

"ఏమనుకున్నానో నాకే తెలియదు. ఇంటి పనికి అంతుందా? ఒకటి కనిపిస్తే ఇంకోటి కనపడదు." పెద్దకోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. "మబ్బు పడుతోంది వదినా. రాత్రి గాలికి టార్పాలిన్ లేచిపోతే పిల్లలని వంటింట్లో గిన్నెల మధ్య పడుకోబెట్టాను. చిన్నదానికి దగ్గు తగ్గలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే మేమే తడిపేవాళ్ళం కదా. నాకు కుదరడం లేదు, మీరు చూసుకోండి అని ఒక్క మాట."

"ఎవరితో చెప్పను? మీ వైపు చెబితే వాళ్ళకి కోపం. వాళ్ళ వైపు చెబితే మీకు కోపం."

"మా ఇద్దరి కోపాల మధ్య నా పిల్లలేం చేశారు?"

అక్క చీపురు పుల్లలు సర్దింది. మళ్ళీ విడదీసింది. మళ్ళీ సర్దింది.

"పంపకాల రోజు నేనక్కడే కూర్చున్నాను అమ్మాయ్," అంది కాసేపటికి. "ఆ మూల. నాన్న ఒక్కొక్కటీ చెబుతున్నాడు, ఇది పెద్దోడికి, ఇది చిన్నోడికి అని. చీపురుకట్టలు కూడా పంచారు. నా దగ్గరికి ఎప్పుడొస్తారా అని చూశాను. నీళ్ళ కుండ దగ్గర ఆగిపోయారు. అయిపోయింది, ఇంకేం లేవుగా అన్నాడు నాన్న. ఇంకేం లేవు అన్నారు అందరూ. నువ్వు కూడా అన్నావు."

పెద్దకోడలు మొహం మాడిపోయింది. "అన్నాను," అంది మెల్లగా. "నువ్వు అందరిదానివి కదా అనుకున్నాం."

"అందరిదాన్నయితే నా మంచం ఎక్కడ వేసుకోవాలో ఒకళ్ళయినా చెప్పాలిగా."

పెద్దకోడలు లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, టీ గ్లాసు తీసి అక్క చేతిలోనే పెట్టింది. అంతకంటే ఏం చేయాలో ఆమెకి తెలియలేదు.

* * *

మధ్యాహ్నం చిన్నోడు షెడ్డు దగ్గరికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పులతో రాతిపొడిని గీస్తూ ఉన్నాడు. పని కోసం వచ్చినవాడు సరాసరి లోపలికి వస్తాడు. మాట కోసం వచ్చినవాడే అలా గీస్తాడు.

"చెప్పరా."

"ఏం లేదక్కా. కప్పు సంగతే. ఆ రకం రాయి ఇంక క్వారీలో లేదు. ఆ పొర అయిపోయింది. ఇప్పుడు వస్తున్నదంతా తుప్పు గీతల రాయి. దాంతో కప్పు వేస్తే రెండు వానలకి తుప్పు కారి గోడలన్నీ ఎర్రబడతాయి."

"తెలుసు."

"అందుకని పై సగం రేకులు వేసేద్దామంటున్నాను. అన్నయ్యకి నామోషీ. పలకలు కొట్టేవాళ్ళ ఇంటి మీద సగం రేకులేమిటి, నలుగురూ నవ్వుతారు అంటాడు. నవ్వితే నవ్వనీ, తడవకుండా ఉంటాం కదా."

"ఇది చెప్పడానికి వచ్చావా?"

చిన్నోడు నీళ్ళు నమిలాడు. "షోరూమ్ ఆయన నిన్ను అడుగుతున్నాడక్కా."

"ఏ షోరూమ్?"

"మెయిన్ రోడ్డు మీద, గోడలకి అంటించే రాళ్ళమ్మేది. మనం పారేసే తుప్పు గీతల రాయే వాళ్ళకి కావాలి. పలచగా చీల్చి, నూనె పూసి, హోటళ్ళ గోడలకి అంటిస్తారు. లైటు పడితే భలే ఉంటుందిలే, చూశాను. అంత పలచగా చీల్చేవాళ్ళు దొరకడం లేదట. నీ గురించి చెప్పాను."

"ఏమని?"

"మా అక్క చేతికి రాయి కాగితంలా వస్తుందని." ఆ మాట అన్నప్పుడు మాత్రం చిన్నోడి మొహంలో గర్వం కనిపించింది. "గది కూడా ఇస్తాడు. షోరూమ్ వెనకాలే. కిటికీ ఉంది, ఫ్యాను ఉంది. నీళ్ళు లోపలికే వస్తాయి. ఇక్కడ ఈ కంత కింద... నీకు మాత్రం ఎందుకక్కా ఈ బాధ?"

"నువ్వు చూశావా ఆ గది?"

"చూశాను."

"ఎప్పుడు?"

చిన్నోడు చెప్పులతో గీయడం ఆపాడు.

"ఎప్పుడు చూశావురా?"

"పంపకాలకి... ముందు."

అక్క తమ్ముడి వైపు చాలాసేపు చూసింది. వాడికి అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, ఉలి పట్టడం నేర్పింది. వాడు ఏడిస్తే ఎత్తుకుని ఈ షెడ్డు చుట్టూ తిప్పింది.

"పోనీలే," అంది. "నువ్వొక్కడివైనా నా సంగతి ఆలోచించావు."

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో చిన్నోడికి అర్థం కాలేదు. ఉందనుకుంటే పోట్లాడవచ్చు. లేదనుకుంటే ఏడవాలి. రెండూ చేతకాక, "ఆలోచించి చెప్పు," అనేసి వెళ్ళిపోయాడు.

* * *

పెద్దాయన గోడ పట్టుకుని, ఆగి ఆగి పెరట్లోకి వచ్చేసరికి ఎండ తగ్గింది. దారిలో దిమ్మల కుప్ప దగ్గర ఆగాడు. గోనె ఎత్తి ఒక దిమ్మని మెటికతో కొట్టాడు. దబ్ మంది. ఇంకోదాన్ని కొట్టాడు. అదీ అంతే. గోనె మళ్ళీ కప్పేశాడు, మొహం మీద దుప్పటి కప్పినట్టు.

షెడ్డులోకి వచ్చి కూతురి మంచం మీద కూలబడ్డాడు. ఊపిరి సర్దుకునేదాకా ఆమె పక్కన నిలబడింది. నీళ్ళిచ్చింది.

"వెళ్తావా తల్లీ?" అన్నాడు.

"వాడు నీతో కూడా చెప్పాడా?"

"చెప్పాడు. మంచిదే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

పెద్దాయన నీళ్ళ గ్లాసులోకి చూశాడు. "నేనేమంటానమ్మా? నాకెవరి మాటా కాదనే ఓపిక లేదు."

"పంపకాలనాడు ఓపిక ఉందిగా నాన్నా. ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని పంచావు. నా మాటెందుకు ఎత్తలేదు?"

"నువ్వుంటావనుకున్నాను."

"ఎక్కడ?"

ఆయన జవాబు కోసం వెతికాడు. నిజంగానే వెతికాడు, పాపం. చివరికి దొరికింది చెప్పేశాడు.

"నీ సంగతి అనుకోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదమ్మా. అడక్కముందే అన్నీ జరిగిపోయేవి. నీకూ ఏదో ఒకటి కావాలని తట్టలేదు."

అక్కకి దుఃఖం పొంగుకొచ్చింది. ఇంతకాలం ఏవేవో కారణాలు ఊహించుకుంది. తిరిగొచ్చిన కూతురని నామోషీ అనుకుంది. కొడుకులకి భయపడ్డాడనుకుంది. ఇవేవీ కాదు. తట్టలేదు, అంతే. కోపం తెచ్చుకుందామంటే దాంట్లో పట్టుకోవడానికి ఏమీ లేదు.

పెద్దాయన కాళ్ళు కిందికి జార్చబోయి ఆగాడు. పాదానికి చల్లగా తగిలింది. వంగి చూశాడు. మంచం కింద చీకట్లో పాత దుప్పటి కప్పి ఏదో ఉంది. దుప్పటి అంచు నుంచి నీటిచుక్క జారుతోంది.

ఆయన చెయ్యి చాపి మెటికతో తట్టాడు. ఖంగుమంది.

"ఈ దిమ్మలెప్పుడు తెచ్చావు?"

"పంపకాల మర్నాడు."

"మిగతావి?"

అక్క నేల వైపు చూస్తూ చెప్పింది. "అన్నీ మానేద్దామనుకున్నాను నాన్నా. నాకే వాటా లేనప్పుడు నాకెందుకు అనుకున్నాను. ఒక పూట మానేశాను. మర్నాడు చేతులు ఊరుకోలేదు. కానీ అన్నీ తడిపితే మళ్ళీ ఎవరూ చూడరు. అందుకని చేతికందినన్ని లోపలికి లాక్కున్నాను. ఇవి తడిపాను. అవి తడపలేదు."

"ఎండిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"చూశాను. ఏడ్చాను. కానీ తడపలేదు."

పెద్దాయనకి కోపం వచ్చింది. చాలా కాలానికి వచ్చింది. "రాయేం చేసిందే నిన్ను? ఆ పొర మళ్ళీ దొరుకుతుందా? ఆ దిమ్మల్ని నేను ఎన్నేళ్ళు కాపాడాను!"

"నువ్వు కాదు నాన్నా," అంది అక్క. "నేను."

ఆయన ఎండిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి, తను ఎప్పుడూ కూర్చునే పీట వైపు చూసి, గోడకి వేలాడుతున్న తన ఉలి చూపించాడు. పంపకాల్లో ఆ ఉలిని ఎవరికీ ఇవ్వలేదు. తనదని అట్టేపెట్టుకున్నాడు.

"తీసుకో," అన్నాడు. "చీల్చు. నేను చూస్తాను."

* * *

ఖంగు ఖంగుమని చప్పుడు వినిపించేసరికి ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పెద్దోడు వరండాలోంచి లేచాడు. చిన్నోడు గోడకి అటువైపు నుంచి వచ్చాడు. కోడళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు.

షెడ్డు గోడకి ఆనించి పలకలు నిలబెట్టి ఉన్నాయి. నల్లగా, తడిగా, ఒకే మందంగా. అక్క ఇంకా చీలుస్తూనే ఉంది. పెద్దాయన మంచం మీద కూర్చుని, ఒక్కో పలక వచ్చినప్పుడల్లా తల ఊపుతున్నాడు.

పెద్దోడు ఒక పలక తీసి మెటికతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాతిపనివాడికి ఆ చప్పుడు అలాంటిది.

"ఎక్కడివి అక్కా ఇవి?"

అక్క దాచలేదు. తండ్రితో చెప్పినట్టే చెప్పింది. తడిపింది నేనే, మానేసింది నేనే, ఇవి మాత్రం ఉంచుకున్నాను అని.

"అంటే కావాలని ఎండబెట్టారన్నమాట!" చిన్నకోడలు ఒంటికాలి మీద లేచింది. "మా అందరి నెత్తి మీదా కప్పు లేకుండా చేసి, ఇన్నాళ్ళూ ఏమీ తెలియనట్టు ఊడ్చుకుంటూ కూర్చున్నారా వదినా?"

"అవును," అంది అక్క.

ఆ ఒక్క మాటకి చిన్నకోడలి దగ్గర ఉన్న మాటలన్నీ అయిపోయాయి. కాదని వాదిస్తే పోట్లాట సాగుతుంది. ఒప్పుకున్న మనిషితో ఎంతసేపని పోట్లాడతారు?

దూరంగా ఉరిమింది. పెరట్లో వెలుతురు ఒక్కసారిగా మారిపోయింది.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు చిన్నోడు తొందరగా. "మొత్తం కప్పుకి ఇవి చాలవు. చీకటి పడకముందు ఎంతవరకు వస్తాయో అంతవరకు కొట్టేస్తాను."

"పిల్లలు పడుకునే వైపు ముందు," అన్నాడు పెద్దోడు.

"మా వంటిల్లు కారిపోతోంది. సగం మా వైపు, సగం మీ వైపు."

"సగం సగం వేస్తే ఏ వైపూ పనికిరాదు."

"అయితే మొత్తం నువ్వే వేసుకుంటావా? అక్క అందరి కోసం చీల్చింది."

"దిమ్మలు నా వాటారా!"

మళ్ళీ మొదలుపెట్టారు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. వాదించుకుంటూనే అన్నదమ్ములిద్దరూ నిచ్చెన మోసుకెళ్ళి ఇంటి గోడకి ఆనించారు. చిన్నోడు మేకుల సంచి బిగించుకున్నాడు.

అక్క ఉలి కింద పెట్టి లేచింది. నడుం పట్టేసినట్టుంది, మెల్లగా నిటారుగా అయింది.

"నిచ్చెన అక్కడ కాదు," అంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఇక్కడ." షెడ్డు కప్పు మీది కంత చూపించింది. "నా మంచం మీద. కంతకి సరిపోతాయి, కొలిచే చీల్చాను."

 టార్పాలిన్ ఒక్కటే కొట్టుకుంటోంది.

"అక్కా," అన్నాడు పెద్దోడు.  "పిల్లలు తడుస్తారే."

"తడిస్తే ఇక్కడికి తీసుకురండి. చోటుంది."

"అంటే... షోరూమ్‌కి వెళ్ళవా?" అన్నాడు చిన్నోడు.

"నా నెత్తి మీద కప్పు ఇక్కడుంటే ఎందుకు వెళ్తాను? లేకపోతే రేపు పొద్దున్నే వెళ్తాను. మీరే చెప్పండిరా. నాన్నని అడగను. ఆయన పంచింది చాలు."

పెద్దోడి చెయ్యి నిచ్చెన మీదే ఉంది. చిన్నోడు భార్య వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది. మొదటి చినుకు విరిగిన రాతిముక్కల కుప్ప మీద పడి నల్లటి చుక్కయింది. పక్కనే ఇంకోటి పడింది.

అప్పుడు పెద్దకోడలు గుమ్మం దిగి వచ్చింది. వానని చూడలేదు, భర్త మొహం చూడలేదు. నేరుగా నిచ్చెన దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో పట్టుకుని గోడ నుంచి లాగింది. బరువుకి తూలింది. పెద్దోడు చప్పున చెయ్యి తీసేశాడు, సాయం చేయడానికో, అడ్డం రాకుండా ఉండడానికో తెలియదు. నిచ్చెన అడ్డంగా పెరట్లో పడింది.

ఆమె వంగి ఒక కొస ఎత్తి షెడ్డు వైపు తిప్పి పట్టుకుంది. చినుకులు పెద్దవవుతున్నాయి.

"రెండో కొస ఎవరు పట్టుకుంటారు?" అంది.